సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ బోధనలో కృత్రిమ మేధా సాధనాలు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉదాహరణలతో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అడిగిన వెంటనే ప్రోగ్రాము రాసిపెట్టే కృత్రిమ మేధా సాధనాలు విద్యార్థుల చేతికి వచ్చాయి. దీనితో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ బోధనలో దేనిని నేర్పాలి, దేనిని పరీక్షించాలి అనే ప్రశ్న కొత్తగా తలెత్తింది. ప్రోగ్రాము ఏమి చేయాలో స్పష్టంగా చెప్పగలగడం, అది అలా చేయనప్పుడు పసిగట్టగలగడం అనే రెండు సామర్థ్యాలకు బోధనలోనూ మూల్యాంకనంలోనూ ప్రధాన స్థానం ఇవ్వాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణాల నుంచి తీసుకున్న ఉదాహరణలతో ఈ ప్రతిపాదనను వివరిస్తుంది.

కీలకపదాలు: కృత్రిమ మేధ, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్, ఆవశ్యకతలు, పరీక్షణ, మూల్యాంకనం, యూనికోడ్, అక్షరం.

1. ప్రవేశిక

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రధాన పట్టణాలు. ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలకు 1981లో అనంతపురంలో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంతోనూ, ఇంజినీరింగ్ కళాశాలలకు 2008లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన అనంతపురం జేఎన్‌టీయూతోనూ అనుబంధం ఉంది. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. కంప్యూటర్ చదువు చదివే ఇక్కడి విద్యార్థి చూపు సహజంగానే ఆ దారి మీద ఉంటుంది. చేనేత, వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చి, ఇంట్లో మొదటగా పట్టా అందుకునే వారికి ఆ దారి చివర ఉన్న తొలి ఉద్యోగం ఒక తరం ఆశ.

ఆ తొలి ఉద్యోగపు స్వభావమే ఇప్పుడు మారుతోంది. చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం, ఉన్న కోడుకు చిన్న మార్పులు చేయడం, పరీక్షలు రాయడం వంటివి కొత్తగా చేరినవారికి సంస్థలు అప్పగించే పనులు. సాధనాలు ముందుగా చేతిలోకి తీసుకున్నవీ ఈ పనులే. కాబట్టి ప్రయోగశాలలో సాధనాన్ని అనుమతించాలా, నిషేధించాలా అన్న చర్చ దగ్గరే ఆగిపోతే విద్యార్థికి మేలు జరగదు. సాధనం రాసిన ప్రోగ్రాముకు జవాబుదారీ వహించే శక్తి అతనికి చదువులో ఎక్కడ అలవడుతుంది అన్నది అసలు ప్రశ్న.

2. సాధనం చేసేది, చేయనిది

గిట్‌హబ్ కోపైలట్ 2021 జూన్‌లో ప్రయోగాత్మకంగా, 2022 జూన్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ విడుదలైంది. ఇవి భాషా నమూనాల ఆధారంగా పనిచేస్తాయి. అపారమైన పాఠాన్ని, బహిరంగంగా లభించే కోడును చదివి, ఇచ్చిన సందర్భంలో తరువాత రాదగిన ముక్క ఏదో అంచనా కట్టడం వీటి మూల ప్రక్రియ. ఎందరో రాసిన సమస్యను ఇవి చక్కగా పరిష్కరిస్తాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ ప్రాథమిక ప్రోగ్రామింగ్ పరీక్షలను కోడెక్స్ అనే నమూనాకు ఇచ్చి, ఫలితాన్ని 2022లో ప్రచురించారు. 71 మంది విద్యార్థుల సరసన నిలిపితే దానికి 17వ స్థానం దక్కింది. తరువాత వచ్చిన నమూనాలు అంతకంటే ముందుకు పోయాయి. మన ప్రయోగశాల రికార్డుల్లో ఏటేటా మళ్లీ కనిపించే ప్రోగ్రాములను అవి క్షణంలో రాయడంలో వింత ఏమీ లేదు. విద్యార్థులు అంతకుముందు వాటిని సీనియర్ల రికార్డుల నుంచి దించుకునేవారు. ఆ సంప్రదాయం సాధనాల కంటే పాతది.

సాధనం వల్ల పని వేగం పెరుగుతుందా అన్నదానికి పరిశోధనలు ఒకే జవాబు ఇవ్వలేదు. జావాస్క్రిప్ట్‌లో వెబ్ సర్వరు రాయమని ఇచ్చిన ఒక ప్రయోగంలో కోపైలట్ వాడినవారు 55.8 శాతం తక్కువ సమయంలో పని ముగించారని 2023లో వెలువడిన పత్రం తెలిపింది. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ, తాము ఏళ్లుగా నిర్వహిస్తున్న ప్రాజెక్టుల మీద పనిచేసే 16 మంది అనుభవజ్ఞులకు 246 పనులు ఇచ్చి చూసింది. సాధనం వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని ముగిశాక కూడా తాము 20 శాతం వేగంగా చేశామనే వారు భావించారు. మొదటిది అందరికీ తెలిసిన, కొత్తగా మొదలుపెట్టే సమస్య. రెండవది లోతుగా అల్లుకుపోయిన పాత వ్యవస్థ. అధ్యాపకులు గమనించవలసినది ఈ తేడాతో పాటు, సాధనం వాడేవారికి తమ పని మీద కలిగే అంచనా తప్పడాన్ని కూడా. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 47 మందితో చేసిన అధ్యయనంలోనూ, సాధనం అందుబాటులో ఉన్నవారు భద్రత తక్కువైన కోడు రాసి, అది భద్రంగానే ఉందని ఎక్కువగా నమ్మారు. అనుభవజ్ఞులకే ఇలా అనిపిస్తే, రెండో సంవత్సరం విద్యార్థి తనకు అర్థమైందని చెప్పినప్పుడు ఆ మాటను ఎంతవరకు స్వీకరించాలి?

లేనిదాన్ని ఉన్నట్లు చెప్పడం మరో లక్షణం. 16 నమూనాలతో 5,76,000 కోడు నమూనాలు రాయించి పరిశీలించిన ఒక అధ్యయనంలో, అవి సూచించిన ప్యాకేజీలలో దాదాపు ఐదో వంతు ఎక్కడా లేనివని తేలింది. అటువంటి పేరుతో దురుద్దేశపరులు నిజంగానే ఒక ప్యాకేజీని సృష్టించి ఉంచితే, సరిచూడకుండా దించుకున్నవారి కంప్యూటరులోకి అది చేరిపోతుంది.

3. ఒక పదంలో ఎన్ని అక్షరాలు?

సాధనం ఇచ్చిన జవాబు తప్పు కాకపోయినా అవసరానికి సరిపోని సందర్భాలు బోధనకు ఎక్కువ ఉపయోగపడతాయి. అటువంటిదొకటి ఈ మూడు ఊళ్ల పేర్లలోనే ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం - ఒక్కొక్క పేరులో ఎన్ని అక్షరాలు? ఛందస్సు పాఠం విన్న పదో తరగతి విద్యార్థి వేళ్ల మీద లెక్కపెట్టి మూడింటికీ నాలుగే అంటాడు: హిం-దూ-పు-రం, పె-ను-కొం-డ, ధ-ర్మ-వ-రం.

పదంలోని అక్షరాలను లెక్కించే ప్రోగ్రామును పైథాన్‌లో రాయమంటే, ఎవరు రాసినా ముందుగా చేయి పోయేది ‘లెన్’ అనే ప్రమేయం మీదికే. సాధనం చదివిన కోడులోనూ అదే రూఢి. ఆ ప్రమేయం ఈ మూడు పేర్లకు వరుసగా 9, 8, 7 అని జవాబిస్తుంది. అది లెక్కించేది యూనికోడ్‌లోని సంకేత స్థానాలను. హిందూపురంలో హకారం ఒకటి, గుడి ఒకటి, సున్న ఒకటి, దకారం ఒకటి, దీర్ఘపు కొమ్ము ఒకటి, పకారం ఒకటి, కొమ్ము ఒకటి, రకారం ఒకటి, చివరి సున్న ఒకటి - వెరసి తొమ్మిది. ధర్మవరంలో రకారానికీ మకారానికీ మధ్య కంటికి కనబడని పొల్లు గుర్తు కూడా ఒక స్థానం తీసుకుంటుంది. ఇదే పేరును సీ భాషలో, యూటీఎఫ్-8 రూపంలో ఉంచి లెక్కిస్తే 21 వస్తుంది, ఎందుకంటే తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు ఆక్రమిస్తుంది. మిగతా రెండింటికి 27, 24.

వీటిలో ఏది సరైనది? ప్రశ్న ఎందుకు అడిగారన్న దాని మీద ఆధారపడి అన్నీ సరైనవే. రైతు ఫోనుకు తెలుగులో సంక్షిప్త సందేశం పంపాలంటే ఒక సందేశంలో 70 సంకేతాలు మాత్రమే ఇముడుతాయి, ఇంగ్లీషుకైతే 160. అక్కడ ధర్మవరం ఏడు. దత్తాంశ నిధిలో స్థలం బైట్లలో కేటాయించినప్పుడు అది ఇరవై ఒకటి. పద్యపాదంలో అది నాలుగు, గురులఘువులు చూస్తే గురువు, లఘువు, లఘువు, గురువు. అక్షరాలు లెక్కించమని మాత్రమే చెప్పిన విద్యార్థి అసలు ప్రశ్న అడగనే లేదు. అడగని ప్రశ్నకు సాధనం తనకు అలవాటైన జవాబు ఇచ్చింది.

విషయం ఇంకొంచెం ముందుకు పోతుంది. చూసేవారికి ఒకే అక్షరంగా కనిపించే గుంపులను విడదీయడానికి యూనికోడ్ ప్రమాణంలోనే నియమాలున్నాయి. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 సంచికకు ముందు ఆ నియమాలు పొల్లు గుర్తు దగ్గర సంయుక్తాక్షరాన్ని రెండుగా విడగొట్టేవి. ధర్మవరానికి ధ-ర్-మ-వ-రం అని ఐదు వచ్చేది. 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు సంయుక్తాక్షర నియమం చేరింది, ఇప్పుడు నాలుగు వస్తుంది. అంటే ఒకే ప్రోగ్రాము, గ్రంథాలయపు పాత సంచిక ఉన్న ప్రయోగశాల కంప్యూటరులో ఒక జవాబు, విద్యార్థి ల్యాప్‌టాపులో మరో జవాబు ఇవ్వగలదు. సంచికల నిర్వహణ ఎందుకు ముఖ్యమో చెప్పడానికి పాఠ్యపుస్తకంలోని ఏ నిర్వచనం కంటే ఈ ఒక్క పేరు నయం.

పదాన్ని తిరగేయమనే పాత అభ్యాసం కూడా ఇక్కడ కొత్త పాఠమవుతుంది. సంకేతాలను వెనక నుంచి ముందుకు పేర్చితే ధర్మవరంలోని ‘ర్మ’ కాస్తా ‘మ్ర’ అవుతుంది, చివరి సున్న ఆధారం లేకుండా మొదటికి వచ్చి నిలుస్తుంది. ఇంగ్లీషు పదాలతో పరీక్షించినంతసేపు ఈ దోషం బయటపడదు. విద్యార్థి ఎంచుకున్న పరీక్షా పదాలే అతని అవగాహనకు కొలత.

4. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్: ఆవశ్యకతల సేకరణ

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అన్న మాట 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో సదస్సుతో ప్రచారంలోకి వచ్చింది. ఫ్రెడరిక్ బ్రూక్స్ 1986లో ఈ రంగంలోని కష్టాలను రెండుగా విభజించాడు. భాష, యంత్రం, సాధనాల వల్ల వచ్చే యాదృచ్ఛికమైన కష్టాలు ఒకటి. సమస్య స్వభావంలోనే ఉండే సారభూతమైన కష్టాలు రెండవది. కృత్రిమ మేధ మొదటి రకాన్ని చాలావరకు తగ్గించింది. రెండవ రకం ఎలా మిగిలి ఉందో చూడాలంటే హిందూపురంలోని పట్టుగూళ్ల మార్కెట్టు వంటి చోటికి వెళ్లాలి.

పట్టుగూళ్ల వేలానికి ఒక ప్రోగ్రాము కావాలనుకుందాం. సాధనాన్ని అడిగితే రైతు, కొనుగోలుదారు, లాటు, ధర, చెల్లింపు అనే పట్టికలతో చక్కని నమూనా ఇస్తుంది. లాటుకు ఒక సంఖ్య, ఒక బరువు, ఒక స్థితి ఉంటాయి. అమ్ముడైంది, అమ్ముడుకాలేదు అని స్థితి రెండు రకాలు. అమ్ముడుకాని లాటు మరుసటి రోజు వేలానికి వస్తుంది. పాత కార్లకో ఇంటి సామాన్లకో ఈ నమూనా సరిగ్గా సరిపోతుంది.

పట్టుగూడు అలాంటి సరుకు కాదు. లోపల ప్యూపా ప్రాణంతో ఉంది. గూడు కట్టిన పది పన్నెండు రోజులకు అది చిలుకగా మారి, గూడును ఛేదించుకొని బయటికి వస్తుంది. అలా చిల్లుపడిన గూడు నుంచి ఏకధారగా దారం తీయలేరు. కాబట్టి అమ్ముడుకాని లాటుకు నిరీక్షించే వ్యవధి చాలా తక్కువ. మరో సంగతి, తేమ ఆరిపోవడం వల్ల గూళ్ల బరువు రోజురోజుకూ తగ్గుతుంది. నిన్నటి బరువును లాటుకు శాశ్వత లక్షణంగా నమోదుచేసిన ప్రోగ్రాము ఇవాళ రీలరు చేత లేని బరువుకు డబ్బు కట్టిస్తుంది, లేదా తూకం దగ్గర గొడవకు దారితీస్తుంది. బరువు లాటు లక్షణం కాదు, ఒక నిర్దిష్ట సమయంలో జరిగిన తూకపు లక్షణం. దత్తాంశ నమూనాలో ఇది ఒక పట్టిక తేడా. దానిని కనిపెట్టడానికి కావలసిన జ్ఞానం పట్టు రైతు ఇంట్లో పుట్టిన విద్యార్థికి ముందే ఉంది, అయితే దానిని సాంకేతిక జ్ఞానంగా గుర్తించమని అతనికి ఎవరూ చెప్పలేదు.

బైవోల్టిన్ తెల్లగూళ్లనూ సంకరజాతి పసుపుగూళ్లనూ ఒకే ధరల జాబితాలో చూపవచ్చా? పలికిన ధర రైతుకు నచ్చకపోతే ఆ లాటు ఏమవుతుంది? రైతు పేరు భూమి పట్టాలో ఒకలా, బ్యాంకు పుస్తకంలో మరోలా ఉంటే చెల్లింపు ఎవరి పేరున పోవాలి? తెలుగు, కన్నడ రెండూ మాట్లాడే సరిహద్దు ప్రాంతంలో తెర మీద ఏ భాష ఉండాలి? కరెంటు పోయిన అరగంటలో నడిచిన వేలాన్ని తరువాత ఎలా ఎక్కించాలి? ఈ ప్రశ్నలకు జవాబులు మార్కెట్టులో నిలబడి, రైతునూ రీలరునూ పట్టుపరిశ్రమ శాఖ సిబ్బందినీ అడిగితే దొరుకుతాయి. సాధనానికి ఆ మార్కెట్టు తెలియదు. జవాబులు తెచ్చి ఇచ్చాక మాత్రం వాటిని క్రమబద్ధంగా రాయడంలో, పరస్పర విరోధాలను చూపడంలో, వదిలేసిన సందర్భాలను గుర్తుచేయడంలో అది మంచి సహాయకారి.

ప్రాజెక్టు పనికి గ్రంథాలయ నిర్వహణ, ఆసుపత్రి నిర్వహణ వంటి అంశాలను ఎంచుకోవడం మన కళాశాలల్లో ఆనవాయితీ. వాటికి సంబంధించిన కోడు సాధనాలకు కంఠోపాఠం. స్థానిక వృత్తి నుంచి అంశాన్ని తీసుకోవడం వల్ల నకలును అరికట్టడమనే చిన్న ప్రయోజనంతో పాటు, ఆవశ్యకతల అధ్యాయం నిజమైన అధ్యాయంగా మారుతుంది.

5. ధర్మవరం: అట్ట మీది రంధ్రం

హిందూపురంలో అమ్ముడైన గూటి నుంచి తీసిన దారం చివరికి చేరే చోట్లలో ధర్మవరం ఒకటి. అక్కడి చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంచులోనూ కొంగులోనూ కనిపించే పెద్ద నమూనాలను మగ్గం మీద నడిపించేది జకార్డు. ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జకార్డు 1804లో రూపుదిద్దిన ఈ పరికరంలో పేక పోగు ఒక్కొక్కదానికి ఒక అట్ట ఉంటుంది. అట్టలో రంధ్రం ఉన్నచోట కొక్కెం పైకి లేచి పడుగు పోగును లేపుతుంది, లేనిచోట పోగు కిందనే ఉండిపోతుంది. చార్లెస్ బాబేజ్ తన విశ్లేషణ యంత్రానికి ఈ అట్టల ఊహనే తీసుకున్నాడు. ఆ యంత్రం మీద ఆడా లవ్‌లేస్ వ్యాఖ్యానం 1843లో వెలువడింది. 1890 అమెరికా జనాభా లెక్కల్లో హెర్మన్ హాలరిత్ యంత్రాలు రంధ్రాల అట్టలతోనే పనిచేశాయి. కంప్యూటర్ చరిత్ర పాఠంలోని మొదటి అధ్యాయం ధర్మవరం విద్యార్థి ఇంటి వసారాలో ఉందన్నమాట.

బొమ్మను గళ్లుగా విభజించి, ప్రతి వరుసను రంధ్రాల వరుసగా మార్చే ప్రోగ్రామును సాధనం సులువుగా రాస్తుంది. చీరను ముఖం కిందికి ఉండేలా నేసే చోట లేవవలసిన పోగులు తారుమారవుతాయని, అంచు ఎడమ కుడి వైపుల ఎదురెదురుగా తిరగాలని, పోగు మరీ ఎక్కువ దూరం అల్లిక లేకుండా తేలితే బట్ట నిలవదని చెప్పవలసింది నేతపని తెలిసినవారు. తెర మీద బొమ్మ అందంగా కనబడటం పరీక్ష కాదు. తప్పు రంధ్రం ఒకటి ఉన్నా అట్టల వరుస తిరిగి వచ్చిన ప్రతిసారీ అదే చోట అదే దోషం నేతలోకి ఎక్కుతుంది. నేతగాడు అడుగు బట్ట నేసేసరికి ఆ దోషాన్ని చూస్తాడు. నమూనా గీసినవారికీ అట్ట కొట్టినవారికీ అప్పటికి దాని సంగతి తెలియదు.

డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో చేసిన ప్రతిపాదన ఇక్కడ గుర్తుకు వస్తుంది. ప్రోగ్రామింగ్ ఫలితం కోడు పాఠం మాత్రమే కాదని, ఆ పనిలో ప్రోగ్రామరు మనసులో ఏర్పడే సిద్ధాంతమే దాని అసలు ఫలితమని ఆయన వాదించాడు. ఆ సిద్ధాంతం ఉన్నవారే ప్రోగ్రామును అవసరానికి తగినట్లు మార్చగలరు. సాధనం కోడును ఇస్తుంది. కోడు రాసే క్రమంలో మనసులో ఏర్పడవలసిన సిద్ధాంతం ఏర్పడకుండానే కోడు చేతికి వస్తుంది. బోధన పూరించవలసిన లోటు ఇదే.

6. పెనుకొండ: జవాబుదారీ

పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడ ప్రధానంగా జరిగేది వాహనాల తయారీ అయినా, ఈ ప్రాంత విద్యార్థికి కారును సాఫ్ట్‌వేర్ వ్యవస్థగా పరిచయం చేయడానికి అది దగ్గరి ఉదాహరణ. 2011లో వచ్చి 2018లో సవరణ పొందిన ఐఎస్‌ఓ 26262 ప్రమాణం వాహనాల విద్యుత్, ఎలక్ట్రానిక్ వ్యవస్థల క్రియాత్మక భద్రతకు సంబంధించింది. భద్రతకు సంబంధించిన ప్రతి ఆవశ్యకత ఏ కోడుగా మారింది, ఏ పరీక్షతో నిరూపణ అయింది అన్న లంకె తెగకూడదు. తయారీలో వాడిన సాఫ్ట్‌వేర్ సాధనం మీద ఎంత నమ్మకం ఉంచవచ్చో కూడా విడిగా సమర్థించుకోవాలి. బ్రేకులకు సంబంధించిన కోడును సాధనం రాసిందన్న సమాధానం అక్కడ చెల్లదు. ప్రయోగశాలలోనూ ఇదే పద్ధతిని చిన్న స్థాయిలో పాటించవచ్చు. సాధనాన్ని ఏమి అడిగారో, అది ఏమిచ్చిందో, దానిలో ఏది ఎందుకు తిరస్కరించారో రికార్డులో రాయించాలి. తిరస్కరణల పుట ఖాళీగా ఉన్న రికార్డును పరీక్షాధికారి కాస్త అనుమానంగా చూడవలసిందే.

7. తరగతి, ప్రయోగశాల, మూల్యాంకనం

ప్రోగ్రామింగ్ మొదటిసారి నేర్చుకునేవారి విషయంలో నియంత్రణ అవసరం. చలరాశి విలువ వరుసవరుసకూ ఎలా మారుతుందో కాగితం మీద గీసి చూడని విద్యార్థి, సాధనం రాసిన కోడులోని దోషాన్ని చూడలేడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు సీఎస్50 కోర్సు 2023లో తనదైన సాధనాన్ని ప్రవేశపెట్టింది. అది ఉపాధ్యాయుడిలా దారి చూపుతుంది, నేరుగా జవాబు రాసి ఇవ్వదు. అంతటి వనరులు మనకు లేకపోయినా క్రమాన్ని పాటించవచ్చు. మొదటి ఏడాది విద్యార్థి స్వయంగా రాసి, ఆపై తన కోడును విమర్శించమని సాధనాన్ని అడగవచ్చు. తరువాతి ఏడాది సాధనం రాసిన దోషభరితమైన కోడును ఇచ్చి సరిదిద్దమనవచ్చు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పాఠ్యాంశం వచ్చేసరికి సాధనాన్ని పూర్తిగా అనుమతించి, ఆవశ్యకతల పత్రానికీ పరీక్షల జాబితాకూ ఎక్కువ మార్కులు కేటాయించడం సమంజసం.

పరీక్షా విధానంలో పెద్ద ఇబ్బంది ఉంది. జేఎన్‌టీయూ అనంతపురం నిబంధనల్లో సిద్ధాంత విషయాలకు అంతర్గత మూల్యాంకనం 30 మార్కులు, సెమిస్టరు చివరి పరీక్ష 70 మార్కులు. చివరి పరీక్షలో విద్యార్థి జలపాత నమూనా దశలను వివరించి మార్కులు తెచ్చుకోగలడు. పట్టుగూడు బరువు తగ్గుతుందని కనిపెట్టిన విద్యార్థికి అక్కడ చోటు లేదు. ప్రయోగ పరీక్షలోని మౌఖిక భాగమే ఇందుకు అనువైన స్థలం. విద్యార్థి తెచ్చిన ప్రోగ్రాములో అక్కడికక్కడే ఒక ఆవశ్యకతను మార్చి, ఎక్కడ ఏమి మారుతుందో చెప్పమనాలి: అమ్ముడుకాని లాటును రెండు భాగాలు చేసి అమ్మవచ్చంటే ఏ పట్టిక మారుతుంది? కోడు ఎవరు రాశారన్న విచారణ అక్కరలేకుండానే ఎవరికి అర్థమైందో తెలిసిపోతుంది.

దీనికి సమయం కావాలి. 60 మంది ఉన్న సెక్షనులో తలా 10 నిమిషాలంటే 10 గంటలు. మూడు గంటల ప్రయోగ తరగతులు మూడింటికి మించి పోతాయి. నలుగురేసి జట్లు కట్టి, జట్టుకు 20 నిమిషాలు కేటాయిస్తే 15 జట్లకు 5 గంటలు. జట్టులో ఎవరిని ఏ ప్రశ్న అడుగుతారో ముందుగా తెలియకపోతే నలుగురూ చదువుకొని వస్తారు. ఇది ఆదర్శ పరిష్కారం కాదు, కానీ ఉన్న సిబ్బందితో సాధ్యమయ్యేది. అధ్యాపకుల పనిభారపు లెక్కలో ఈ గంటలు చేరకపోతే ఎంత మంచి పద్ధతి అయినా ఒక సెమిస్టరుకు మించి నిలవదు.

కృత్రిమ మేధ రాసిన పాఠాన్ని పట్టిస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడటం మాత్రం అన్యాయానికి దారితీస్తుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో అటువంటి ఏడు సాధనాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు స్వయంగా రాసిన 91 వ్యాసాలలో, సగటున సగానికి పైగా యంత్రం రాసినవని అవి తప్పుగా తేల్చాయి. పరిమితమైన పదసంపదతో, సరళమైన వాక్యాలతో రాయడమే అక్కడ అనుమానానికి కారణం. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చి, ఇంగ్లీషులో కష్టపడి ప్రాజెక్టు నివేదిక రాసిన విద్యార్థి దొంగగా తేలే ప్రమాదం ఇందులో ఉంది.

8. తెలుగులో అడగడం, తెలుగు శాఖ పాత్ర

ఏఐసీటీఈ 2021-22 విద్యా సంవత్సరం నుంచి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలలో ఇంజినీరింగ్ బోధనకు అవకాశం కల్పించింది. ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోని పేరాను తెలుగులో వివరించమని అడిగి, అర్థం కానిచోట సిగ్గుపడకుండా పదిసార్లు ఎదురు ప్రశ్న వేయగల సౌకర్యం కృత్రిమ మేధ వల్ల విద్యార్థికి కలిగింది. తరగతిలో చేయెత్తడానికి జంకేవారికి ఇది చిన్న మేలు కాదు. అయితే నమూనాలు పాఠాన్ని ముక్కలుగా విడగొట్టి చదువుతాయి. ఇంగ్లీషు ప్రధానంగా రూపొందిన పద్ధతుల్లో ఒకే విషయానికి తెలుగులో ఎక్కువ ముక్కలవుతాయి. ముక్కల లెక్కన రుసుము, పరిమితి ఉండే చోట తెలుగులో అడిగినవారు ఎక్కువ మూల్యం చెల్లిస్తారు. ఇవి ఇచ్చే తెలుగు వివరణలో పారిభాషిక పదాలు పూటకొక రకంగా మారడం మరో చిక్కు. ఆవశ్యకతను ఒకచోట అవసరమని, మరోచోట అర్హతని అనువదిస్తే విద్యార్థి రెండూ వేర్వేరనుకుంటాడు. శాఖలో ఒక పారిభాషిక పట్టికను స్థిరపరచి, దానిని ప్రశ్నతో పాటే సాధనానికి ఇవ్వడం ఇందుకు విరుగుడు.

ఇక్కడే తెలుగు అధ్యాపకుల అవసరం ఏర్పడుతుంది. ఒకే కళాశాలలో తెలుగు శాఖ, కంప్యూటర్ శాఖ పక్కపక్కనే ఉన్నా వాటి మధ్య రాకపోకలు సాధారణంగా సాంస్కృతిక కార్యక్రమాలకే పరిమితం. పద్య లక్షణాలను గుర్తించే ప్రోగ్రామును విద్యార్థి జట్టుకు ప్రాజెక్టుగా ఇచ్చి, తెలుగు అధ్యాపకుడిని వినియోగదారుడి స్థానంలో కూర్చోబెడితే, ఆవశ్యకతల సేకరణ కోసం ఊరు దాటనక్కరలేదు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్నది మొదటి ఆవశ్యకత. దానికి మినహాయింపులు అడిగి తెలుసుకోవలసినవి.

అటువంటి ప్రాజెక్టుకు పరీక్షా పదంగా హిందూపురంతో పాటు వాడుకలో ఉన్న హిందూపూర్ రూపాన్నీ ఇవ్వాలి. లెన్ ప్రమేయం రెంటికీ 9 అనే చెబుతుంది. సరిపోయిందని విద్యార్థి ముందుకు పోయే అవకాశం ఉంది. యూనికోడ్ 15.1 నియమాలు రెండింటినీ నాలుగుగా విడదీస్తాయి: రెండోదానిలో చివరి ‘ర్’ను విడి అక్షరంగా చూస్తాయి. ఛందస్సులో ఆ పొల్లు ముందున్న ‘పూ’తో కలిసిపోతుంది. కనుక హిందూపురం నాలుగు, హిందూపూర్ మూడు, మూడూ గురువులే. ప్రమాణాన్ని తుచ తప్పక పాటించిన ప్రోగ్రాము కూడా ఇక్కడ తప్పుతుంది. ఈ తేడాను చూపే పదాలు ఇరవై చేర్చి, ఒక్కొక్కదానికి రావలసిన జవాబును పక్కన రాసి, సెమిస్టరు మొదటి వారంలోనే జట్టుకు అందించడం తెలుగు అధ్యాపకుడికి ఒక మధ్యాహ్నం పని.